జంటపట్టీ

భీమిలి కొండ దగ్గర ట్రాము ఆగితే ముందు పిల్లుల బుట్టలు దిగేవి, వాటి వెనక మనుషులు దిగేవాళ్లు.

పాత బీచి రోడ్డును సముద్రం మింగేసి చాలా కాలమైంది. ఊరు కొండవాలుకు ఎగబాకింది. స్తంభాల మీద నడిచే ట్రాములే ఇప్పుడు వీధులు. ఇరవై ఒకటో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఏ విషానికీ చావని ఎలుకలు ధాన్యం గోదాముల నుంచి ఆకాశహర్మ్యాల పై అంతస్తు వంటిళ్ల దాకా పాకాయి. అప్పుడు మనుషులకు పిల్లి గుర్తొచ్చింది. ఇంటికొక పిల్లి ఉండాలని చట్టం చేశారు. చట్టానికి భయపడి తెచ్చుకున్న పిల్లి నెల తిరక్కముందే ఇంట్లో మనిషైపోయేది. దానికొక పేరు, దానికొక కిటికీ, దానికి తప్ప ఇంకెవరికీ చెల్లని ఒక కుర్చీ.

అలాంటి పిల్లులకు నీటిపొట్ట జబ్బు పట్టుకుంది.

పిల్లి పేగుల్లో ఎవరికీ హాని చేయకుండా కాపురముండే కరోనా వైరస్ ఒకటి ఉంది. కొన్ని పిల్లుల్లో అది ఉన్నట్టుండి రూపం మార్చుకుని రక్తనాళాల గోడల మీద పడుతుంది. గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ చెమ్మంతా పొట్టలో చేరుతుంది. వెన్నెముక బయటికి తేలి, మొహం పీక్కుపోయి, పొట్ట మాత్రం నీళ్లకుండలా ఉబ్బుతుంది. వెనకటి తరం కనిపెట్టిన మందులు దాన్ని కొన్నాళ్లు లొంగదీశాయి. తర్వాత వైరస్ ఆ మందుల్ని కూడా నేర్చేసుకుంది. ఇప్పుడు జబ్బు తగిలిందంటే ఇక ఎదురుచూడ్డమే. ఆ ఎదురుచూపు కోసమే కొండ మీద ఒక సాంత్వన కేంద్రం వెలిసింది. దాన్ని నడిపేది డాక్టర్ సీమంతిని.

సీమంతిని పశువుల నాడీవైద్యంలో తలపండిన మనిషి. మోచేతుల దాకా గోళ్ల గీతలు. మనుషులతో పొడిపొడిగా మాట్లాడేది గానీ పిల్లుల్ని మాత్రం ‘మీరు’ అని మన్నించేది. "రండి, ఇలా పడుకోండి, సూది చిన్నదే" అని ఆమె అంటుంటే కొత్తగా వచ్చిన నర్సులు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు.

ఆమెను తినేసే బాధ ఒక్కటే. పిల్లి తన నొప్పిని దాచుకుంటుంది. అది వేటాడే జంతువే కాదు, వేటకు దొరికే జంతువు కూడా. నొప్పి బయటపెట్టిన రోజున ఏదో ఒకటి వచ్చి నోట కరుచుకుపోతుంది. లక్షల ఏళ్లుగా దానికి వంటబట్టిన జాగ్రత్త అది. అందుకే చావు దగ్గరపడ్డ పిల్లి మూలుగదు. ఒక మూల ముడుచుకుని కళ్లు సగం మూసుకుంటుంది. ఇంటివాళ్లు దాన్ని నిద్ర అనుకుంటారు.

హార్బరులో ఐసు ఫ్యాక్టరీ నడిపే నూకరత్నం కూడా అలాగే అనుకుంది. ఆవిడ నల్లపిల్లి పేరు మిరియం. పొట్ట బిగిసి డప్పులా మోగుతున్నా ఆవిడ రోజూ అదే మాట.

"దీనికి బాదేటీ నేదు డాక్టరమ్మా. తొంగున్నాది, అంతే. ఇంకొక్క రోజు సూద్దాం."

"ఏమీ తినడం లేదు కదండీ."

"నిన్న నా ఏలు నాకినాది. సచ్చిపోయేది ఏలు నాకుతాదా?"

నిద్రలోనే ప్రాణం పోయేలా చేసే చివరి సూది వెయ్యాలంటే ఇంటివాళ్ల మాట ఉండాలన్నది నియమం. ఆ మాట ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. అప్పటిదాకా గట్టి నొప్పిమందు ఇద్దామంటే, జబ్బు తినేసిన కాలేయం దాన్ని తట్టుకోలేదు. అలా సీమంతిని ఎన్నో పిల్లుల సగం మూసిన కళ్లలోకి చూస్తూ నిలబడింది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆమె తన ఆలోచన మస్తాన్ వలీకి చెప్పింది. మస్తాన్ వలీ కేంద్రంలోని యంత్రాల ఇంజనీరు. బాపట్ల వైపు మనిషి. ఎంత క్లిష్టమైన సంగతినైనా ముందు కొట్టిపారేసి, తర్వాత మూడు పూటలు తిండి మానేసి దాని మీదే కూర్చునే రకం.

"దాని నొప్పి మనం తీసుకుంటే?" అంది సీమంతిని.

"ఏంది మేడమ్ మీరనేది? నొప్పేమన్నా ఫైలా, ఇక్కణ్ణించి అక్కడికి పంపడానికి?"

"నాడుల్లో నడిచేంతవరకూ అది సంకేతమే కదా వలీ గారూ."

అతను సగం తాగిన కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు టీకి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

అలా పుట్టింది సహవేదిని. శాస్త్ర పత్రికల్లో దాని పేరు అదే. జనం నోట్లో మాత్రం అది జంటపట్టీ అయింది. ఒక పట్టీ పిల్లి మెడకు, ఒకటి మనిషి మణికట్టుకు. మెడపట్టీ వెన్నుపాములో పైకి పోయే నొప్పి సంకేతాల్ని చదివి చేతిపట్టీకి పంపుతుంది. చేతిపట్టీ వాటిని మనిషి నాడుల్లోకి వదులుతుంది. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. ఇది ఎందుకొచ్చిన నొప్పో, ఎంతవరకూ ఉంటుందో మనిషి మెదడుకు తెలుసు. అలా తెలిసిన మెదడు పైనుంచి కిందికి ఒక శమన సంకేతం పంపి నొప్పిని కొంత అణుచుకోగలదు. పిల్లికి ఆ వెసులుబాటు లేదు. దానికి నిన్న లేదు, రేపు లేదు. ఉన్న నొప్పే దాని లోకమంతా. మనిషి మెదడు పుట్టించే ఆ శమన సంకేతాన్ని పట్టీ వెనక్కి మోసుకెళ్లి పిల్లికి అందిస్తుంది. కంప్యూటరుతో అలాంటి సంకేతాన్ని తయారుచేసి చూశారు, పిల్లి నాడులు దాన్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. బతికున్న మనిషే కావాలి. అదీ ఎవరంటే వాళ్లు కుదరదు. పట్టీ ఒక మనిషి నాడులకు అలవాటుపడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒకరి పట్టీ ఇంకొకరికి పనికిరాదు.

మొదటి పరీక్ష సీమంతిని తన మీదే చేసుకుంది. పట్టీ మీట నొక్కగానే కడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టయింది. తర్వాత పక్కటెముకల కింద మంట మొదలై నడుం దాకా పాకింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఎదుట పరుపు మీద ముడుచుకున్న చారల పిల్లి మెల్లగా కళ్లు తెరిచింది. ముందు కాళ్లు చాచింది. ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న ఒళ్లు వదులు చేసి పక్కకు ఒరిగి గుర్రుమనడం మొదలుపెట్టింది. మస్తాన్ వలీ అన్నం తిని వచ్చేంతసేపు ఆమె అలాగే కూర్చుంది. తర్వాత మీట ఆపి మొహం తుడుచుకుంది.

"భరించలేనిదేమీ కాదు," అంది. "ప్రేమ ఉన్నవాళ్లు సంతోషంగా పంచుకుంటారు."

అందరికంటే ముందు పట్టీ కట్టుకున్నది నూకరత్నమే. అలవాటు కావడానికి కావలసిన రోజులు గడిచాక, ఒక ఉదయం మిరియం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. సీమంతిని మీట నొక్కింది. నూకరత్నం అబ్బా అని కూడా అనలేదు. మొహంలో రక్తమంతా ఎవరో తోడేసినట్టు పాలిపోయింది. రెండో చేత్తో పొట్ట పట్టుకుని కాసేపు ముందుకు వంగి కూర్చుంది. ఆ తర్వాత పిల్లి వైపు తిరిగి, దాన్ని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"ఇన్నాళ్లూ ఇదంతా ఇదే పడతన్నాదా? నాను ఏలు నాకిందని సెప్పుకుని తిరగతన్నాను. ఒద్దమ్మా, ఇంకొక్క చనం కూడా ఒద్దు. సూదేసెయ్యండి."

సీమంతినికి కళ్లు చెమర్చాయి. చివరికి ఒక మనిషి కళ్లు తెరిచింది కదా అనుకుంది. సూది వేసింది. నూకరత్నం ఏడుస్తూనే ఆమె చేతులు పట్టుకుని దణ్ణం పెట్టింది.

ఆ తర్వాత అందరిదీ అదే తీరు. ఇంకొక్క రోజు అంటూ వచ్చినవాళ్లు పట్టీ కట్టుకున్న పూటే ఇక చాలు అనేవాళ్లు. వారాలకొద్దీ సాగే చావులు ఒక్క పూటలో ముగిసిపోసాగాయి. కరుణాయంత్రం అని వార్తలు వచ్చాయి. ఎక్కడెక్కడి కేంద్రాల వాళ్లో వచ్చి పట్టీలు పట్టుకెళ్లారు. సీమంతినికి మాత్రం లోపల ఒక చిన్న వెలితి మిగిలిపోయింది. చివరి రోజుల్లో పిల్లికి తోడుండడానికని చేసిన పట్టీ అది. దాన్ని కట్టుకుని ఒక రాత్రి తోడున్నవాళ్లు ఒక్కరు కూడా కనపడలేదు.

ఆ వర్షాకాలం కొత్త మందు వచ్చింది. నీటిపొట్ట వైరస్‌ను నిజంగానే చంపే మందు. కాకపోతే ఒక చిక్కు. వైరస్ చచ్చే రోజుల్లో ఒళ్లంతా వాచి నొప్పి రెట్టింపవుతుంది. ఆ నాలుగైదు రోజుల్లో చాలా పిల్లులు నొప్పి దెబ్బకే గుండె ఆగి చనిపోతున్నాయి. ఆ గండం దాటిందంటే పిల్లి బతికినట్టే.

"ఇంకేం కావాల మేడమ్?" అన్నాడు మస్తాన్ వలీ. ఆనందం పట్టలేక గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. "మన పట్టీ దీనికోసమే పుట్టినట్టుంది. నాలుగు రోజులు మనిషి మోస్తే చాలు, పిల్లి ఇంటికి పోతది."

ఆ మందు మొదట భానోజీ పిల్లికి ఇచ్చారు. భానోజీ ట్రాము నడిపే మనిషి. గట్టివాడు. సోనా అనే తన ఎర్రపిల్లిని ట్రాములో తన సీటు వెనకే పడుకోబెట్టుకుని తిరిగేవాడు. నాలుగు రోజులు కాదు, నెలైనా మోస్తానని చెప్పి పట్టీ కట్టుకున్నాడు. మందు ఎక్కిన రోజు పొద్దెక్కేసరికి అతని చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మధ్యాహ్నానికి గోడకు తల ఆనించి పళ్లు కొరుకుతున్నాడు. సాయంత్రం సీమంతిని గదిలోకి రాగానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"సాలు డాక్టరమ్మా. దీన్ని ఇంక ఇంసపెట్టకండి. సూదేసీండి."

"భానోజీ గారూ, మందు పనిచేస్తోంది. ఇంకొన్ని రోజులే. మీకు మరీ కష్టంగా ఉంటే పట్టీ తీసేయండి."

"తీసెత్తే ఇదంతా దాని మీదే పడతాది కదా! తెలిసి తెలిసి ఎలా తీసీమంటారు? దాని బాద సూడలేకపోతన్నాను. సూదేసీండమ్మా, మీ కాళ్లట్టుకుంటాను."

ఇంటివాళ్ల మాట నియమం. సీమంతిని ఎంతసేపు బతిమాలినా అతను వినలేదు. ఆమె సూదిలో చివరి మందు నింపి సోనా మీదికి వంగింది. అప్పుడు చూసింది.

సోనా వెల్లకిలా పడుకుని ఉంది. మెడకింద బొచ్చు మెత్తగా కదులుతోంది. నిద్రలోనే ముందు కాళ్ల వేళ్లు విచ్చుకుంటూ ముడుచుకుంటూ, తల్లి దగ్గర పాలు తాగే కూన చేసినట్టు, దుప్పటిని మెల్లగా పిసుకుతోంది. గుర్రుమనే చప్పుడు బల్ల మీద ఉన్న ఆమె వేళ్లకు తెలుస్తోంది.

సీమంతిని చెయ్యి ఆగిపోయింది. "ఒకసారి ఇటు చూడండి. ఇది హాయిగా నిద్రపోతోంది" అంది.

భానోజీ చూడలేదు. రెండు చేతులతో కడుపు పట్టుకుని "ఎంత బాదో, ఎంత బాదో దీనికి!" అని ఏడుస్తున్నాడు.

ఆమె సూది వేసింది. గుర్రుమనే చప్పుడు ఆగింది. ఆ క్షణంలోనే భానోజీ మొహం తేటపడింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఎల్లిపోనాది. ఇప్పటికి సుకపడినాది" అన్నాడు.

మర్నాడు ఆమె మస్తాన్ వలీని కూర్చోబెట్టి ఒక్కొక్క పిల్లినీ గుర్తుచేసుకుంది. మిరియం కూడా ఆఖరున హాయిగా పక్కకు ఒరిగే ఉంది. దాని తర్వాత వచ్చినవన్నీ అంతే. పట్టీ వెయ్యగానే నొప్పి పిల్లిని వదిలి మనిషిలోకి వచ్చేది. పిల్లి ఎన్నాళ్లకో హాయిగా నిద్రపోయేది. సరిగ్గా అప్పుడే మనిషి దాని చావు అడిగేవాడు.

"తమకు నొప్పి లేనన్నాళ్లూ దానికీ లేదన్నారు," అంది సీమంతిని. "తమకు నొప్పి పుట్టాక అది దానిదన్నారు."

మస్తాన్ వలీ పట్టీని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

ఆ రోజుల్లోనే ఆరోగ్య మండలి అధ్యక్షుడు లోకనాథం కొండెక్కి వచ్చాడు. మెత్తగా, మర్యాదగా మాట్లాడే మనిషి. కాఫీ తాగి, పిల్లుల్ని పలకరించి, అసలు సంగతికి వచ్చాడు.

"డాక్టర్ గారూ, మీ పట్టీ మా మనుషుల వార్డులకు కావాలి. మాట పడిపోయినవాళ్లు, మంచం పట్టినవాళ్లు ఎంతమంది లేరు! వాళ్ల నొప్పి ఇంటివాళ్లు పంచుకుంటే ఎంత పుణ్యం!"

సీమంతిని తను చూసిందంతా చెప్పింది. సోనా వేళ్ల సంగతి కూడా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పట్టీ కట్టుకున్నవాళ్లకు చివరి మాట చెప్పే హక్కు ఉండకూడదు," అంది ఆమె. "అలాగైతేనే ఇస్తాను."

లోకనాథం నొచ్చుకున్నట్టు నవ్వాడు. "అలాగైతే ఎవరు కట్టుకుంటారండీ?"

"నేను కట్టుకుంటాను. కొత్త మందు వేసిన పిల్లిని గండం దాటించి చూపిస్తాను. మనిషి మోయగలడని తేలాక అప్పుడు నియమాలు రాద్దాం."

గేటు దగ్గర ఎవరో వదిలేసి వెళ్లిన బూడిదరంగు ఆడపిల్లి ఒకటి వార్డులో ఉంది. దాని తరఫున మాట చెప్పేవాళ్లు లేరు. సీమంతిని పట్టీ తన నాడులకే అలవాటుపడి ఉంది కాబట్టి ఆలస్యం లేకపోయింది. ఆమె చివరి సూది మందును బీరువాలో పెట్టి, తాళంచెవి మస్తాన్ వలీకి ఇచ్చింది.

"నేను ఎంత అడిగినా ఇవ్వొద్దు. ఏడ్చినా, తిట్టినా ఇవ్వొద్దు."

"మీరు తిట్టడం గూడా చూస్తానా మేడమ్," అని నవ్వి అతను జేబులో వేసుకున్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదటి రోజు ఆమె పిల్లితో మాట్లాడుతూ గడిపింది. "మీరు పడుకోండి, నేనున్నాను" అంటూ వీపు నిమిరింది. రెండో రోజు మాటలు పోయాయి. అప్పటి చిన్న పరీక్షలో ఆమె చూసినది నొప్పికి గుమ్మం మాత్రమే. ఇప్పుడు లోపలికి వచ్చింది. నొప్పి ఒక అలలా వచ్చి పోవడం లేదు, పోటు మీదున్న సముద్రంలా ఎక్కుతూనే ఉంది. ఒకసారి ఆగలేక పట్టీ తీసేసింది. బూడిదపిల్లి ఉలిక్కిపడి లేచి, ఏ పిల్లీ ఎన్నడూ అరవని అరుపు ఒకటి అరిచి, గోడకు కొట్టుకుంది. ఆమె వెంటనే మళ్లీ కట్టుకుంది. పిల్లి ఆమె ఒళ్లోకి వచ్చి చుట్టుకుని పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం, వాన కురుస్తుండగా, ఆమెకు తన గొంతే వినపడింది.

"వలీ గారూ! పాపం, ఇది చాలా బాధపడుతోంది. తాళంచెవి ఇవ్వండి."

ఆ మాట అన్నాక ఒళ్లో చూసుకుంది. పిల్లి గుర్రుమంటోంది. దాని ఊపిరి వెచ్చగా మోకాలికి తగులుతోంది. ఆమెకు అంతా తెలుసు. ఎవరి నొప్పి ఎవరిదో లోకంలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా నోరు ఆగలేదు. "ఇది బతకదు వలీ గారూ, నాకు తెలుస్తోంది. దీన్ని హింసపెట్టడం పాపం. మీకు దణ్ణం పెడతాను, దీని కోసం అడుగుతున్నాను" అని అంటూనే ఉంది. చాలాసేపటి తర్వాత అది మాటగా కూడా లేదు, ఒట్టి మూలుగైపోయింది.

తలుపు తెరుచుకుంది. మస్తాన్ వలీ లోపలికి వచ్చాడు. అతని మొహం తడిగా ఉంది. ఏమీ అనకుండా చెయ్యి చాచి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె సూది వేసింది. నొప్పి తాడు తెగినట్టు తెగిపోయింది. గదంతా ఒక్కసారి ఎంత నిశ్శబ్దమైందంటే బయట వాన చప్పుడు అప్పుడే మొదలైనట్టు అనిపించింది.

కాస్త తేరుకున్నాక పిల్లిని గుడ్డలో చుట్టడానికి ఎత్తింది. ఎత్తగానే ఆమె చేతులకు తెలిసింది. తేలిగ్గా ఉంది. నెమ్మదిగా దాని పొట్ట కింద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. మెత్తగా ఉంది. నీరంతా ఇంకిపోయింది. మందు పనిచేసింది. ఇంకొక్క రోజు ఆగితే లేచి తిరిగేది.

సాయంత్రం లోకనాథం ఫోన్ చేశాడు. ఆమె దాచలేదు.

"పిల్లి బతికేది. నేనే చంపాను. దానికి నొప్పి లేదు, నాకుంది."

అవతల అదే మెత్తని గొంతు. "మీరు బాగా అలిసిపోయారు డాక్టర్ గారూ. అంత బాధలో దాన్ని చూడలేక చేశారు. అది కరుణ కాక మరేమిటి? మీరు విశ్రాంతి తీసుకోండి. పట్టీలు మాత్రం వచ్చే వారం వార్డులకు చేరాలి."

"పంపను," అంది సీమంతిని.

"మీరు పంపకపోయినా ఎలా చేయాలో ఇప్పుడు అందరికీ తెలుసు కదండీ," అన్నాడాయన, ఓదార్పుగా.

ఆమె ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చింది. మస్తాన్ వలీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే గుడ్డలో చుట్టిన పిల్లి.

"నేను ఇయ్యకుండా ఉండాల్సింది మేడమ్," అన్నాడు. "ఇయ్యొద్దనే అనుకున్నా. మీరట్టా మూలుగుతుంటే ఇక్కడ," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, "ఏదో పట్టేసినట్టయింది. నా వల్ల కాలేదు."

సీమంతిని అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు అతని మణికట్టు వైపు చూసింది.

"మీ చేతికి పట్టీ కూడా లేదే," అంది.